పీల్ పోలీసా, డ్రమ్మండ్ పోలీసా: ఐర్లండ్ పల్లెకు ఏది మేలు?

1814లో టిప్పరరీ కౌంటీలోని మిడిల్‌థర్డ్ అనే ప్రాంతానికి కొత్తరకం పోలీసులు వచ్చి దిగారు. అంతకుముందు సైన్యంలో పనిచేసినవాళ్ళు, వాళ్ళ మీద సర్కారు జీతం తీసుకునే ఒక మేజిస్ట్రేటు. మరి ఈ ఖర్చంతా ఎవరు పెట్టాలి? ఆ ప్రాంతం జనమే. గొడవలు మీ ఊళ్ళలోనే జరిగాయి కాబట్టి అణిచే ఖర్చు కూడా మీదే, అదీ లెక్క. ఈ ఏర్పాటు చేసిన రాబర్ట్ పీల్ అప్పుడు ఐర్లండ్‌కు చీఫ్ సెక్రటరీ, అంటే బ్రిటిష్ సర్కారు తరఫున అక్కడి పాలన చూసే మంత్రి, వయసు ఇరవై ఆరేళ్ళు. 1829లో లండన్‌కు పోలీసు వ్యవస్థ తెచ్చింది కూడా ఈయనే. ఐర్లండ్ జనం పోలీసులకు ఆయన పేరే తగిలించి 'పీలర్లు' అన్నారు, ఆ పేరు చాలాకాలం అలా నిలిచిపోయింది.

ఇరవై రెండేళ్ళ తర్వాత, 1836లో, అదే దేశంలో ఇంకో పోలీసు వ్యవస్థ వచ్చింది. దాని వెనక ఉన్న మనిషి థామస్ డ్రమ్మండ్, స్కాట్లండ్‌వాడు, డబ్లిన్‌లో అండర్ సెక్రటరీ, అంటే చీఫ్ సెక్రటరీ కింద పనులు నడిపే పెద్ద అధికారి. పైపైన చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి: తుపాకులు, యూనిఫారం, పైనుంచి వచ్చే ఆర్డర్లు. నేను మాత్రం ఒక చిన్న కొలత పెట్టుకుని చూస్తాను. కాస్త కౌలుభూమిలో బంగాళాదుంపలు వేసుకుని బతికే మనిషి ఉన్నాడు, రాత్రి ఎవరో ఇంటిమీద పడి కొట్టిపోయారు, పొద్దున లేచి ఎవరి దగ్గరికి వెళ్ళి చెప్పుకోగలడు?

పీల్ రాకముందు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మేజిస్ట్రేటు అంటే ఆ చుట్టుపక్కల భూస్వామే. ఆయన కింద అరకొర జీతానికి పనిచేసే పాతకాలపు కానిస్టేబుళ్ళు, దాదాపు అందరూ ప్రొటెస్టెంట్లు. ఊళ్ళలో జనమేమో ఎక్కువమంది కేథలిక్కులు. గొడవ ముదిరితే సైన్యం వచ్చేది, లేదంటే యోమన్రీ, అంటే 1796లో పెట్టిన స్థానిక సాయుధ దళం, అదీ భూస్వాముల మనుషులతో నడిచేదే. కౌలు పెంచేది ఆయనే, ఖాళీ చేయించేది ఆయనే, ఫిర్యాదు వినేదీ ఆయనే. దీన్ని నేను పోటీలోకే తీసుకోను.

అసలు గొడవలు ఎందుకొచ్చాయో తెలియకుండా ఏ పోలీసు మేలో తేల్చలేం. 1815లో నెపోలియన్‌తో యుద్ధాలు ముగిశాక ధాన్యం ధరలు పడిపోయాయి, కౌలు రేట్లు మాత్రం యుద్ధకాలం నాటివే. 1816–17లో పంటలు పోయాయి, వెంటనే టైఫస్ జ్వరాలు. వీటన్నిటి పైన దశమభాగం. మన దగ్గర క్రైస్తవ కుటుంబాలకు ఈ మాట బాగా తెలుసు, తమ చర్చికి తాము ఇష్టంగా ఇచ్చుకునేది. అక్కడ కేథలిక్ రైతు తాను ఎన్నడూ గడప తొక్కని ప్రొటెస్టెంట్ చర్చికి చట్టప్రకారం కట్టి తీరాలి. పశువులు మేపే పెద్ద పచ్చికబయళ్ళకు 1735 నుంచి చాలా ఏళ్ళపాటు మినహాయింపు నడిచింది, దక్షిణాన మన్‌స్టర్‌లో పేదవాడి బంగాళాదుంప మడికి మాత్రం వసూలు చేసేవాళ్ళు. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

అందుకే రాత్రిపూట ఇంకో చట్టం నడిచింది. 1760లలో తెల్ల చొక్కాలు వేసుకుని తిరిగిన వైట్‌బాయ్స్ నుంచి ఈ సంప్రదాయం ఉంది. 1821లో లిమరిక్ కౌంటీలో, న్యూకాజిల్ వెస్ట్ దగ్గర కోర్ట్నీ ఎస్టేటులో, ఏజెంటు పెట్టిన బాధలు పడలేక మొదలైన కదలిక 1824 దాకా మన్‌స్టర్ అంతా పాకింది. తలుపులకు అంటించే ఉత్తరాల కింద సంతకం 'కెప్టెన్ రాక్'. ఆ పేరుతో మనిషంటూ ఒకడు లేడు, ఎవరు ఉత్తరం రాస్తే వాళ్ళే ఆ రాత్రికి కెప్టెన్ రాక్. ఒకరిని వెళ్ళగొట్టిన భూమిలో ఇంకొకరు కౌలుకు దిగకూడదు, దశమభాగం కట్టకూడదు, ఇవీ ఆజ్ఞలు. వినకపోతే గడ్డివాములు తగలబడేవి, పశువుల కాలి నరాలు తెగేవి, ఒక్కోసారి మనుషులే పోయేవాళ్ళు.

జనం తమకు తాము పెట్టుకున్న అసలైన పోలీసు ఇదే అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఆ మాట ఒప్పుకోలేను. 1816 ఏప్రిల్‌లో లౌత్ కౌంటీలో వైల్డ్‌గూస్ లాడ్జ్ అనే ఇంటిమీద కొందరు పడ్డారు. ఆ ఇంటి మనిషి ఎడ్వర్డ్ లించ్, ఆయనా కేథలిక్కే. కోర్టుకెళ్ళి సాక్ష్యం చెప్పాడు, ముగ్గురికి ఉరి పడింది. అక్టోబర్ చివర్లో ఒక రాత్రి పెద్ద గుంపు వచ్చి ఆ ఇంటికి నిప్పు పెట్టింది. ఎనిమిది మంది కాలిపోయారు, అందులో పసిబిడ్డ కూడా ఉంది. దానికి సర్కారు ఇచ్చిన జవాబు ఏమిటంటే 18 మందికి ఉరి, కొన్ని శవాలను ఊళ్ళ దగ్గర ఇనుప చట్రాల్లో వేలాడదీయడం. ఉరిపడ్డవాళ్ళలో నేరంతో సంబంధం లేనివాళ్ళు ఉన్నారని ఆ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకున్నారు. నా కొలత ఇక్కడ పెట్టి చూడండి. లించ్ చెప్పుకోవడానికి వెళ్ళాడు, చెప్పుకున్నాడు, చట్టం ముగ్గురిని ఉరి తీసింది గానీ ఆరు నెలల్లో ఆయన ఇంటికి ఒక కాపలా మనిషిని ఇవ్వలేకపోయింది.

ఇదంతా పీల్ చీఫ్ సెక్రటరీగా ఉండగా జరిగిందే. ఆయన పోలీసుకు మంచి గుణాలు లేకపోలేదు. జీతం తీసుకునే మేజిస్ట్రేటు స్థానిక భూస్వామికి మొహమాటపడక్కర్లేదు, అప్పటికి అది నిజంగా కొత్త సంగతి. కానీ ఒక ప్రాంతాన్ని 'కల్లోలిత ప్రాంతం' అని ప్రకటించాకే ఈ దళం వచ్చేది, సద్దుమణగ్గానే వెళ్ళిపోయేది. ఇల్లు అంటుకున్నాక వచ్చే ఫైరింజన్ అనుకోండి. పైగా ఖర్చు తమ ప్రాంతం మీదే పడుతుంది కాబట్టి స్థానిక పెద్దలు పిలవడానికే వెనకాడేవాళ్ళు, పిలిచేసరికి పరిస్థితి చేయిదాటేది. 1817లో సర్కారు కొంత ఖర్చు పంచుకునేలా మార్చాల్సి వచ్చింది. ఇక ఏ పాపం ఎరగని ముసలమ్మ కూడా పక్క ఊరివాడు చేసినదానికి పన్ను కట్టాలి, ఆ పన్నుతో వచ్చిన పోలీసును ఆమె తన మనిషి అని ఎలా అనుకుంటుంది? ఈ పోలీసుకు తోడుగా ఇన్సరెక్షన్ యాక్ట్ అనే చట్టం ఒకటి, 1814 నుంచి 1818 దాకా, మళ్ళీ 1822 నుంచి 1825 దాకా. అది అమలైన చోట పొద్దుగూకాక తెల్లారేలోపు ఇంటి బయట దొరికి సరైన కారణం చెప్పలేకపోతే ఏడేళ్ళ ద్వీపాంతరం, జ్యూరీ కూడా ఉండదు.

1822లో మధ్యలో ఇంకో చట్టం వచ్చింది. ప్రతి బారనీకి, అంటే మన తాలూకా లాంటి ముక్కకు, పదహారు మంది కానిస్టేబుళ్ళు, నాలుగు ప్రావిన్సులకు నలుగురు ఇన్స్పెక్టర్ జనరళ్ళు. శాశ్వత పోలీసు వచ్చింది, మంచిదే. కానిస్టేబుళ్ళను వేసుకునే అధికారం మాత్రం మళ్ళీ ఆ మేజిస్ట్రేట్ల చేతికే పోయింది. వాళ్ళను దశమభాగం వసూళ్ళకు కాపలా పంపితే ఏమవుతుందో కారిక్‌షాక్‌లో తేలిపోయింది.

1831 డిసెంబర్ 14, కిల్కెన్నీ కౌంటీ. ఎడ్మండ్ బట్లర్ అనే మనిషి దశమభాగం బకాయిల నోటీసులు పంచుతున్నాడు. వెంట కెప్టెన్ జేమ్స్ గిబ్బన్స్, సుమారు నలభై మంది పోలీసులు. వాళ్ళ వెనక జనం కూడుతూ కూడుతూ చివరికి పెద్ద గుంపైంది, చేతుల్లో రాళ్ళు, కర్రలు, పొలం పనిముట్లు. గుంపు అడిగింది ఒకటే: బట్లర్‌ను మాకు అప్పగించి మీ దారిన మీరు వెళ్ళండి. గిబ్బన్స్ ఒప్పుకోలేదు. రెండువైపులా గోడలున్న ఇరుకు దారిలోకి పోలీసులు దూరారు, అక్కడ జనం మీదపడ్డారు. ఆ కాలపు తుపాకీ ఒక్కసారి పేలాక మళ్ళీ మందు కూరాలి, అందుకు చోటూ లేదు, టైమూ లేదు. కాసేపట్లోనే బట్లర్, గిబ్బన్స్, పదిమందికి పైగా పోలీసులు, ఊళ్ళవాళ్ళు ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తర్వాత కేసులు నడిచాయి, నిందితుల తరఫున కేథలిక్కుల నాయకుడు, లాయరు డేనియల్ ఓకానెల్ వాదించాడు, ఎవరికీ శిక్ష పడలేదు. ఆ కానిస్టేబుళ్ళు కూడా జీతం కోసం చేరిన మనుషులే కదా, ఎవరిదో చర్చి బకాయి కోసం ఆ సందులో చచ్చిపోయారు. అవతలివైపు, అదే ఏడాది జూన్‌లో వెక్స్‌ఫర్డ్ కౌంటీ న్యూటౌన్‌బారీలో జప్తు చేసిన పశువుల వేలం దగ్గర యోమన్రీ కాల్పుల్లో పదిమందికి పైగా జనం పోయారు. 1834 డిసెంబర్‌లో కార్క్ కౌంటీ రాత్‌కార్మాక్ దగ్గర ఒక విధవరాలి నలభై షిల్లింగుల బకాయి కోసం సైన్యం కాల్చింది, మళ్ళీ శవాలు.

డ్రమ్మండ్ వచ్చింది ఆ మరుసటి ఏడాది, 1835లో. ఈయన మొదట సర్వే ఇంజనీరు. 1825లో డొనెగల్‌లో స్లీవ్ స్నాట్ కొండ మీద సున్నాన్ని తెల్లగా వెలిగించే దీపం పెట్టి, వంద కిలోమీటర్ల అవతల బెల్‌ఫాస్ట్ దగ్గరి కొండకు కనిపించేలా చేసి కొలతలు తీసింది ఆయనే. చలిలో ఆ కొండల మీద గుడారాల్లో ఉండి, చుట్టూ గుడిసెల్లో జనం ఎలా బతుకుతున్నారో కళ్ళారా చూసినవాడు కాబట్టే ఫైళ్ళు చదివి వచ్చినవాళ్ళకంటే వేరుగా ఆలోచించాడని నా నమ్మకం.

1836 చట్టంతో డబ్లిన్ లాంటి నగరాలు తప్ప దేశమంతటికీ ఒకే కాన్‌స్టాబ్యులరీ, అంటే పోలీసు దళం, వచ్చింది, ఒకే ఇన్స్పెక్టర్ జనరల్, మొదటివాడు జేమ్స్ షా కెనెడీ. నియామకాలు మేజిస్ట్రేట్ల చేతుల్లోంచి డబ్లిన్‌కు మారాయి. కేథలిక్కులను బాగా తీసుకున్నారు. ప్రొటెస్టెంట్ పెత్తనం కోసం నిలబడే ఆరెంజ్ ఆర్డర్‌లో పోలీసులు ఉండకూడదన్నారు. సొంత కౌంటీలో పోస్టింగ్ ఇవ్వకూడదన్నారు. ఈ చివరి రూలు మీద నాకు మొదట అభ్యంతరం ఉండేది, ఊరి మనిషే పోలీసైతే ఊరి బాధ తెలుస్తుంది కదా అని. కానీ లించ్ ఇంటి సంగతి చూశాక మనసు మారింది. బావమరిదినో మేనమామనో పట్టుకోవాల్సి వస్తే ఏ కానిస్టేబులు పట్టుకుంటాడు? అలాగే భూస్వామి మాట కాదంటే తన తండ్రి కౌలు పోతుందన్న భయం ఉన్నవాడు ఎదురు నిలబడగలడా? బయటివాడికి ఈ రెండు టెన్షన్లూ లేవు.

అయితే చట్టం కంటే ఆ పోలీసును ఎక్కడికి పంపాడన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. దశమభాగం వసూళ్ళకు పంపడం బాగా తగ్గించాడు, సంతలకు పంపాడు. అప్పట్లో సంతల్లో ఫ్యాక్షన్ కొట్లాటలు జరిగేవి, ఆ మాట కూడా వాళ్ళది అదే, రెండు వర్గాలు కర్రలు పట్టుకుని కుమ్ముకునేవి. 1834లో కెర్రీ కౌంటీ బాలీయాలో ఇలాంటి ఒక్క కొట్లాటలోనే ఇరవై మంది దాకా చనిపోయారు. అంతకుముందు ఇలాంటివి చూసీచూడనట్టు వదిలేసేవాళ్ళు, పేదవాళ్ళు పేదవాళ్ళను చంపుకుంటే పెద్దలకేం నష్టం! డ్రమ్మండ్ ముందే పోలీసులను నిలబెట్టి వీటిని అణిచాడు. కేథలిక్కులను అవమానించేలా పార్టీ విందులో గ్లాసు ఎత్తాడని కర్నల్ వెర్నర్‌ను, ఎంపీ అని కూడా చూడకుండా, మేజిస్ట్రేటు పదవిలోంచి తీయించాడు. 1838లో టిప్పరరీ మేజిస్ట్రేట్లు ఇంకా కఠిన చట్టాలు కావాలని రాస్తే, ఆస్తికి హక్కులే కాదు బాధ్యతలు కూడా ఉంటాయని, వాటిని గాలికొదిలేయడమే ఈ గొడవలకు మూలమని జవాబు రాశాడు. పీల్ పోలీసు వెనక ఇలాంటి ఉత్తరం రాసేవాడు లేడు.

అంతా పోలీసు వల్లే జరిగిందనను. 1838లోనే దశమభాగాన్ని నాలుగో వంతు తగ్గించి, కట్టే భారం భూస్వామి మీదకు మార్చారు. నోటీసులు పట్టుకుని గడపగడపకూ తిరిగే పని తగ్గింది, పల్లెలు చల్లబడటానికి అది పెద్ద కారణం. డ్రమ్మండ్ 1840లోనే చనిపోయాడు. ఐర్లండ్‌లోనే పాతిపెట్టమని కోరుకున్నాడు, అలాగే చేశారు. ఆయన పెట్టిన దళం మాత్రం 1845 తర్వాత కరువులో ఇళ్ళు కూల్చి కౌలుదారులను వీధిలోకి నెట్టే చోట తుపాకులతో కాపలా నిలబడింది. లండన్ కానిస్టేబులు చేతికి లాఠీ, ఐరిష్ కానిస్టేబులు చేతికి తుపాకీ, ఆ దళం ఉన్నన్నాళ్ళూ ఆ తేడా పోలేదు.

నన్నడిగితే 1836దే మేలు, అది కూడా 1840 దాకా డ్రమ్మండ్ దాన్ని నడిపిన తీరు వల్ల. ఆ నాలుగేళ్ళలో నా కౌలుదారుకు పొద్దున్నే వెళ్ళి చెప్పుకోవడానికి ఒక గుమ్మం ఉంది, ఆ గుమ్మం భూస్వామి ఇంటిది కాదు. ఖర్చు సంగతి కూడా చూడండి, 1836 చట్టంలో సగం సర్కారు పెట్టుకుంది, 1846 నుంచి మొత్తం పెట్టుకుంది.

మనకు దీంతో సంబంధం లేదనుకోకండి. 1843లో సింధ్‌లో బ్రిటిష్ సైన్యాధికారి చార్లెస్ నేపియర్ పెట్టిన పోలీసు ఈ ఐరిష్ నమూనాలోదే. మన జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలు చేసే చెయ్యీ, పోలీసు చెయ్యీ ఒకటే అయ్యి రైతులను హింసించిన సంగతి 1855లో టార్చర్ కమిషన్ రిపోర్టుతో బయటపడింది, 1859లో అక్కడ కొత్త పోలీసు చట్టం వచ్చింది. 1861లో బ్రిటిష్ ఇండియాలో వచ్చిన పోలీసు చట్టంలో 15వ సెక్షన్ తీసి చదవండి: కల్లోలిత ప్రాంతమని ప్రకటించిన చోటికి అదనపు పోలీసులను పంపవచ్చు, ఆ ఖర్చు అక్కడి జనం దగ్గరే వసూలు చేయవచ్చు. 1814లో మిడిల్‌థర్డ్ జనానికి చెప్పిన లెక్కా అదే.