ఫ్రేజర్ ఫర్ క్రిస్మస్ చెట్టు: ఆకు నిలిచేది జాతి వల్లే కాదు, తల్లి చెట్టు వల్ల కూడా

అమెరికాలో నరికిన క్రిస్మస్ చెట్టు కొనేవాళ్లకి మేం మొదట చెప్పేది ఫ్రేజర్ ఫర్ (fir) అనే సూదాకుల చెట్టు. నీళ్లు ఎండనివ్వకపోతే దాని సూదాకులు నాలుగు వారాలు హాయిగా నిలుస్తాయి. నోబుల్, నార్డ్‌మన్ ఫర్‌లు దానికి తీసిపోవు. నార్వే స్ప్రూస్ అనే ఇంకో సూదాకుల చెట్టు మాత్రం ఇంటి వేడికి తొందరగా రాలుస్తుంది, పండక్కి నాలుగు రోజుల ముందు తెచ్చుకుంటే చాలు.

అయితే జాతి పేరొక్కటే చూసి నమ్మలేం. ఇవి విత్తనాల నుంచి మొలిచిన చెట్లు. పక్కపక్కనే పెరిగి, ఒకే రోజు నరికినవాటిలోనూ ఒకటి ఆకు పట్టి ఉంచుతుంది, ఇంకోటి వదిలేస్తుంది. ఈ గుణం చాలావరకు వంశపారంపర్యం. నార్త్ కరొలైనా స్టేట్, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీల పరిశోధకులు దీన్ని కొమ్మలతోనే తేలుస్తారు. శరత్కాలంలో కొమ్మలు కోసి, నీళ్లు పెట్టకుండా గదిలో వారం పది రోజులు ఆరబెట్టి, చేత్తో నిమిరి, రాలినదాన్ని బట్టి మార్కులేస్తారు. చెట్టుని నరకక్కర్లేదు కాబట్టి నెగ్గినదాన్నే అంటుకట్టి విత్తన తోటకి వాడుకోవచ్చు. చాలా తెలివైన పద్ధతి ఇది.

బాల్సమ్ ఫర్ అనే మరో రకం ఫర్‌లో ఆకు రాలమని చెప్పేది ఎథిలిన్ అని కెనడాలోని నోవా స్కోషియా పరిశోధకులు చూపించారు. మన దగ్గర అరటి, మామిడి కాయల్ని మాగబెట్టేదీ ఆ వాయువే.

విత్తనం ఎక్కడిదో చెట్టుకి కట్టిన చీటీ మీద సాధారణంగా ఉండదు, అదే పెద్ద లోటు. తోట యజమాని దగ్గరే కొంటుంటే అడగండి. లేదంటే కొమ్మని గుప్పిట్లో పట్టుకుని మొదలు నుంచి కొసకి మెల్లగా లాగండి. లోపలి గోధుమరంగు ఆకులు రాలితే ఫరవాలేదు. పచ్చనివి చేతికొస్తే ఆ చెట్టు వద్దు.

ఇంటికి తెచ్చాక మాను అడుగున అర అంగుళం అడ్డంగా, తిన్నగా కోసి వెంటనే నీళ్లలో పెట్టాలి. ఆరేడు గంటలు దాటితే కోసిన ముఖం మూసుకుపోయి నీళ్లు పీల్చదు, మళ్లీ కోయాల్సిందే. స్టాండులో పట్టడం లేదని చుట్టూ బెరడు చెక్కకండి, నీళ్లని బాగా పీల్చేది దాని కిందున్న చెక్కే. మాను అడ్డుకొలత అంగుళానికి సుమారు లీటరు చొప్పున నీళ్లు పట్టే స్టాండు కావాలి, నాలుగంగుళాల మానుకి నాలుగు లీటర్లు. చక్కెర, ఆస్పిరిన్ ఏమీ కలపొద్దు, కుళాయి నీళ్లే చాలు. మొదటి రోజుల్లో బాగా తాగుతుంది, పొద్దునా సాయంత్రం చూసి నింపండి.