ఉటా ఉప్పుపర్రా, మొహావీ ఇసుకా: 1915లో కారుకు ఏ దారి మేలు?

పనామా కాలువ ప్రారంభాన్ని పురస్కరించుకొని 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలోనూ శాన్ డియేగోలోనూ రెండు పెద్ద ప్రదర్శనలు జరిగాయి. వాటిని చూడటానికి అమెరికా తూర్పు రాష్ట్రాల నుంచి సొంత కార్లలో బయలుదేరినవారు మిసిసిపీ నది దాటేలోపే ఒక విషయం తేల్చుకోవలసి వచ్చేది. ఉత్తరాన ఉటా, నెవాడాల మీదుగా లింకన్ హైవే పట్టుకోవాలా, లేక దక్షిణాన న్యూ మెక్సికో, అరిజోనా, మొహావీ ఎడారి మీదుగా నేషనల్ ఓల్డ్ ట్రైల్స్ రోడ్డు పట్టుకోవాలా? పేర్లలో హైవే అనీ రోడ్డు అనీ ఉన్నా, ఎడారిలో చాలాచోట్ల ఆ రెండూ బండి చక్రాలు మిగిల్చిన జాడలే.

ఈ రెండింటినీ మైళ్లతో కొలిచి లాభం లేదు. 1901లో అలెగ్జాండర్ వింటన్ తాను తయారుచేసిన కారులోనే దేశం దాటాలని బయలుదేరి నెవాడా ఇసుకలో కూరుకుపోయి ప్రయత్నం మానుకున్నాడు. ఆ సంగతి తెలిసిన హొరేషియో నెల్సన్ జాక్సన్ 1903లో నెవాడా జోలికే పోకుండా, ఆరెగాన్ మీదుగా చుట్టు తిరిగి 63 రోజుల్లో న్యూయార్క్ చేరాడు. 1909లో ఆలిస్ రామ్సే న్యూయార్క్ నుంచి నెవాడా మీదుగానే నడిపించి 59 రోజుల్లో శాన్ ఫ్రాన్సిస్కో చేరింది. దగ్గర దారి, దూరపు దారి అన్న తేడా రోజుల లెక్కలో పెద్దగా కనబడదు. కారు ఆగిపోయిన చోటు నుంచి నీళ్లు ఎంత దూరం, సాయం చేయగల మనిషి ఎంత దూరం అన్నదే నా దృష్టిలో సరైన కొలత.

లింకన్ హైవేకు పేరు పెద్దది. 1913లో కార్ల పరిశ్రమ పెద్దలే సంఘం పెట్టి, న్యూయార్క్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా దారి గుర్తించి ప్రచారం చేశారు. అయితే సాల్ట్ లేక్ సిటీ దాటి నెవాడా వైపు తిరిగాక ఆ ప్రచారం ఎందుకూ కొరగాదు. అక్కడిది ఒకప్పటి మహాసరస్సు ఎండి మిగిలిన ఉప్పుపర్ర. ఎండ కాస్తున్నంతకాలం పైపెచ్చు గట్టిగానే ఉంటుంది. ఒక్క వాన పడిందంటే చాలు, పెచ్చు కింద ఉన్న బురద చక్రాన్ని ఇరుసు దాకా మింగేస్తుంది. 1919లో వాషింగ్టన్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు 62 రోజులు ప్రయాణించిన సైనిక లారీల బారు ఈ ప్రాంతంలోనే నానా అగచాట్లు పడింది. తరువాతి కాలంలో దేశాధ్యక్షుడైన ఐజన్‌హోవర్ అప్పుడు ఆ బృందంలో ఒక అధికారి.

ఈ పర్ర అంచున ఫిష్ స్ప్రింగ్స్ అనే నీటిబుగ్గల చోటు ఉంది. కారు దిగబడితే ఏం చేయాలో హైవే సంఘం అచ్చువేసిన దారి పుస్తకమే చెప్పింది: సేజ్‌బ్రష్ పొదలు పోగేసి మంట పెట్టాలి, ఫిష్ స్ప్రింగ్స్‌లో పశువులు పెంచుకునే ఆసామి ఇరవై మైళ్ల దూరం నుంచి కూడా ఆ మంట చూసి గుర్రాల జతతో వస్తాడు. ఆ ఏర్పాటును కాస్త ఊహించుకోండి. ఎండిన కంప చిటపటలాడుతూ అంటుకుంటుంది, పొగ నిలువుగా లేస్తుంది, ఆ తరువాత గంటల తరబడి కారు నీడన కూర్చొని ఎదురుచూడటం తప్ప చేయగలిగింది ఏమీ లేదు. వచ్చిన మనిషి ఊరికే లాగడు. కూలి పుచ్చుకుంటాడు, బేరమాడే అవకాశం మనకు ఉండదు. గిరాకీ తగ్గకుండా ఆ గుంటలకు నీళ్లు కూడా ఆయనే పెట్టేవాడని ఒక వాడుక మాట ఉంది. అది నిజమో కల్పనో గానీ, పశువుల మీద బతికే మనిషికి కార్ల రాక కొత్త రాబడి అయిన వైనం మాత్రం అందులో కనబడుతుంది.

దక్షిణపు దారి సంగతి వేరు. అది చాలా దూరం సాంటా ఫే రైలు పట్టాలను అంటిపెట్టుకొని నడుస్తుంది. మొహావీలో రైలువాళ్లు స్టేషన్లకు అక్షర క్రమంలో పేర్లు పెట్టారు: ఆంబాయ్, బ్రిస్టల్, కాడిజ్, డాన్బీ, అలా గాఫ్స్ దాకా. ఆవిరి ఇంజనుకు నీళ్లు కావాలి గనుక నీళ్లు లేని చోటికి కూడా రైలే నీళ్లు మోసుకొచ్చేది. ఆ నీళ్ల మీద ఆధారపడి నాలుగు ఇళ్లు, ఒక తంతి ఆఫీసు వెలిసేవి. నీడిల్స్, బార్‌స్టో వంటి పెద్ద స్టేషన్లలో ఫ్రెడ్ హార్వీ భోజనశాలలు ఉండేవి. దిక్కు తోచకపోతే పట్టాల వెంట నడిచినా ఒక మనిషి కనబడతాడు. మరీ విసిగితే కారునే రైలెక్కించవచ్చు. 1915లో రచయిత్రి ఎమిలీ పోస్ట్ అరిజోనాలో చేసింది అదే. దక్షిణ కాలిఫోర్నియా ఆటోమొబైల్ క్లబ్బు ఈ దారి పొడవునా గుర్తు పలకలు పాతించడం మరో మేలు.

దక్షిణానికీ లోపాలు లేకపోలేదు. ఎక్కడో కొండల్లో కురిసిన వానకు ఇక్కడి పొడి వాగులు నిమిషాల్లో పొంగుతాయి. 1916లో టోపాక్ దగ్గర కమాను వంతెన కట్టేవరకు కొలరాడో నది దాటడమే పెద్ద గండం. ఓట్‌మన్ దగ్గరి ఘాట్ రోడ్డు ఎంత నిట్టనిలువుదంటే, ఫోర్డ్ మోడల్ టీ నడిపేవారు అటువంటి ఎత్తుల్లో కారును వెనక్కి తిప్పి రివర్స్ గేరులో ఎక్కించేవారు. ఆ కారులో పెట్రోలు ట్యాంకు సీటు కింద ఉంటుంది, పంపు ఉండదు. ముక్కు మరీ పైకెత్తితే పెట్రోలు ఇంజనుకు జారదు. ఇక జులైలో నీడిల్స్ ఎండ తరచుగా 45 డిగ్రీలు దాటుతుంది. తాగే నీళ్లకు మందపాటి గుడ్డసంచీ కారు బయట వేలాడదీసేవారు. గుడ్డ చెమర్చి, గాలికి ఆరుతూ మన కూజాలాగే నీళ్లను చల్లబరిచేది.

మూడో దారి ఒకటి ఉంది గానీ, అది శాన్ డియేగో నుంచి అరిజోనాలోని యూమాకు పోయేవారికి మాత్రమే. ఆ మధ్యలో ఉన్నవి కదిలే ఇసుక దిబ్బలు. 1912లో శాన్ డియేగో వ్యాపారి ఎడ్ ఫ్లెచర్ లాస్ ఏంజలెస్ వారితో ఫీనిక్స్‌కు పందెం వేసి గెలిచాడు; అయితే ఈ ఇసుకలో ఆయన కారును లాగింది ఆరు గుర్రాలు. ఆ తరువాత 1915లో ఇసుక మీద పలకలు పరిచారు: ఒక్కో చక్రానికి 25 అంగుళాల వెడల్పు పట్టీ, అంతే. అవి త్వరగానే దెబ్బతినడంతో 1916లో రాష్ట్ర రహదారి శాఖ ఎనిమిది అడుగుల వెడల్పు చెక్క చట్రాలు వేసి, ప్రతి 1,000 అడుగులకు ఒకచోట తప్పుకునే వీలు కల్పించింది. ఆరున్నర మైళ్ల ఈ చెక్కబాటలో ఎదురుగా మరో కారు వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. ఎవరు పోవాలన్నది గొంతు పెద్దది ఎవరిదో దాన్నిబట్టి తేలేది. గాలి వీచిన మర్నాడు గుర్రాలతో ఇసుక తోడిస్తే గాని బాట కనబడేది కాదు. 1926లో తారురోడ్డు వచ్చేదాకా ఇదే గతి.

అందువల్ల ఎంచుకోవలసింది నేనైతే, వసంతంలోనో శరత్తులోనో దక్షిణపు దారినే పడతాను. చలికాలంలోనూ అంతే, ఎందుకంటే ఉత్తరపు దారిలోని సియెర్రా నెవాడా కనుమలు ఆ రోజుల్లో మంచుతో నెలల తరబడి మూతపడేవి, దక్షిణపు దారిలో అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ మంచు అంత మొండిది కాదు. జులై, ఆగస్టుల్లో మాత్రం లెక్క మారుతుంది. ఆకాశం నిర్మలంగా ఉండి, సాల్ట్ లేక్ సిటీలో నాలుగు రోజులు ఆగి పర్ర ఎండిందో లేదో విచారించుకునే ఓపిక ఉంటే, అప్పుడు లింకన్ హైవేయే మేలు. ఆ ఓపిక లేనివారు నీడిల్స్ వైపే పోయి, పగలు నీడన పడుకొని, మొహావీని రాత్రిపూట దాటుకోవడం మంచిది.