షో రింగ్ పేరు చెప్పి అమ్మే షెట్లాండ్ పోనీలతో జాగ్రత్త

ఇంగ్లండ్‌లో ఉంటూ పిల్లల కోసం పోనీ (పొట్టి గుర్రం) కొనే ఆలోచనలో ఉన్న మనవాళ్ళెవరైనా ఉంటే, ముఖ్యంగా "షో ఛాంపియన్", "రింగ్‌లో మంచి పేరు" అని, అంటే గుర్రాల పోటీల్లో బహుమతులు గెలిచిందని, రాసిన షెట్లాండ్ జాతి పోనీ ప్రకటన చూసి ఫోన్ చేయబోతుంటే, ఇది చదివాక చేయండి. మాకు అమ్మినవాళ్ళతో వ్యవహారం ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయడం లేదు. అయినా ఇలా అమ్మేవాళ్ళు వాళ్ళొక్కరే కాదు. పేరుకన్నా పద్ధతి తెలుసుకోవడం ముఖ్యం.

ఫిబ్రవరిలో మా అమ్మాయికి నల్ల షెట్లాండ్ గెల్డింగ్ (విత్తులు తీసిన మగ పోనీ) ఒకటి కొన్నాం. మామూలు పోనీ ధరకి దాదాపు రెండింతలు పెట్టాం. ఆ తేడా అంతా షో రింగ్ పేరుకే. అమ్మినావిడ షెడ్డు గోడ నిండా రిబ్బన్లు. ఇక్కడ ఎరుపు మొదటి బహుమతికి, నీలం రెండోదానికి, పసుపు మూడోదానికి. తీరా చూస్తే అక్కడ వేలాడుతున్నవాటిలో సగానికి పైగా "క్లియర్ రౌండ్" రిబ్బన్లు. అంటే ఎంట్రీ ఫీజు కట్టి, అడ్డుకర్రలు పడెయ్యకుండా దూకిన ప్రతి ఒక్కరికీ ఇచ్చేవి. మిగిలినవాటి మీద షో పేరు ఉంటుంది గానీ పోనీ పేరు ఉండదు. ఏ రిబ్బన్ ఏ పోనీదో ఆవిడ చెప్పాల్సిందే, మనం వినాల్సిందే. ఊరి షోల్లో ఒక్కో క్లాసులో రెండే పోనీలు నిలబడే రోజులూ ఉంటాయి. అప్పుడు రెండో బహుమతి అంటే ఆఖరి స్థానమే.

సరే, నిజంగానే గెలిచిందనుకుందాం. ఏ క్లాసులో గెలిచింది? మా పోనీ గెలిచినవన్నీ "ఇన్-హ్యాండ్" క్లాసులు. అందులో పోనీ మీద ఎవరూ ఎక్కరు. పెద్దవాళ్ళు పగ్గం పట్టుకుని నడిపిస్తారు, కాసేపు ట్రాట్ (నెమ్మది పరుగు) చేయిస్తారు, జడ్జి చుట్టూ తిరిగి చూస్తారు. చూసేది జాతి లక్షణాలు: చిన్న తల, వెడల్పాటి నుదురు, నిక్కబొడుచుకున్న చిన్న చెవులు, దట్టమైన జూలు, చురుకైన నడక. ఎత్తు 42 అంగుళాలు దాటకూడదు, ఒంటిమీద చుక్కలు ఉండకూడదు. ఈ జాతి వంశావళి నమోదు చేసే షెట్లాండ్ పోనీ స్టడ్-బుక్ సొసైటీ 1890 నుంచీ ఉంది, ఈ లక్షణాలన్నీ రాసి పెట్టారు, జడ్జీలు వాటిని చూడటంలో తప్పేమీ లేదు. కానీ ఏడేళ్ళ పిల్ల వీపెక్కితే అది ఏం చేస్తుందన్నది ఆ క్లాసులో ఎవరూ చూడరు. పిల్లలకి కావాలంటే "లీడ్ రెయిన్" (పిల్ల ఎక్కితే పెద్దవాళ్ళు పగ్గం పట్టుకుని నడిపించేది), "ఫస్ట్ రిడెన్" (పిల్ల సొంతంగా స్వారీ చేసేది) క్లాసుల్లో ఏం చేసిందో అడగండి. అది చెప్పకుండా "ఛాంపియన్ అండీ" అనే మాటే తిప్పి తిప్పి చెబుతుంటే అనుమానించాల్సిందే.

ఇంకో సంగతి ఇంటికి తెచ్చాక గానీ బయటపడలేదు. జడ్జి ముందు చెవులు ముందుకి పెట్టి చక్కగా నిలబడాలని రింగ్‌లో చాలామంది జేబులో ఏదో తినుబండారం పెట్టుకుని చూపిస్తుంటారు. మా పోనీ దానికి బాగా అలవాటు పడిపోయింది. మా అమ్మాయి దగ్గరికి వెళ్ళగానే ముందు మూతితో కోటు జేబు తడుముతుంది. ఏమీ దొరకకపోతే చేతి అంచు పట్టుకుని కొరుకుతుంది. మొదటి వారమే మోచేతి దగ్గర నీలంగా కమిలిపోయింది. అమ్మినావిడకి ఫోన్ చేస్తే నవ్వి, "షెట్లాండ్ అంటే అంతే కదా" అంది.

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. షెట్లాండ్‌కి మొండి, అల్లరి అనే పేరుంది, నిజమే. స్కాట్లాండ్ సైనిక రెజిమెంట్ మస్కట్ క్రువాకన్ కూడా షెట్లాండే. 2017లో స్టిర్లింగ్ కోటలో సాక్షాత్తూ ఎలిజబెత్ రాణి చేతిలోని పూలగుత్తినే తినబోయింది. అందరూ నవ్వుకున్నారు. కానీ ఆ పేరుని అడ్డం పెట్టుకుని, సరిగ్గా నేర్పని పోనీని పసిపిల్ల చేతికి ఇవ్వడం వేరు. డిసెంబరులో లండన్ హార్స్ షోలో పిల్లలు షెట్లాండ్‌ల మీద కూర్చుని రేసులు తోలుతారు చూశారా, వాటి వెనక ఎంతో శిక్షణ ఉంటుంది. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, ఒకప్పుడు బొగ్గు గనుల్లో బండ్లు లాగిన జాతి ఇది. దాదాపు 200 కిలోలు ఉంటుంది. వద్దనుకుంటే పిల్ల బలానికి ఆగదు.

అసలు దెబ్బ మేలో తగిలింది. వసంతంలో గడ్డి పచ్చబడగానే పోనీ అడుగు తీసి అడుగు వేయలేకపోయింది. ముందుకాళ్ళు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడింది. పశువుల డాక్టర్ రాగానే లామినైటిస్ అన్నారు. గిట్ట లోపలి ఎముకని బయటి గట్టి గోడకి పట్టి ఉంచే పొర వాచి, ఊడిపోయే జబ్బు. ఎక్స్‌రేలో ఎముక కిందికి తిరిగి ఉంది, దాని కొన అరిగిపోయి ఉంది. అంటే పాత జబ్బు. నాడాలు కొట్టే ఫారియర్ గిట్ట ఎత్తి అడుగున చూపించాడు: గోడకీ అడుగుభాగానికీ మధ్య తెల్లని గీత సన్నగా ఉండాల్సింది వేలి మందాన సాగిపోయి ఉంది. పైన గోడ మీద లామినైటిస్ వచ్చినప్పుడు పడే ఉంగరాల్లాంటి గీతలు ఆకురాయితో రుద్దేసి, నల్ల పాలిష్ పూసి ఉన్నాయట. షోలకి గిట్టలకి పాలిష్ పూయడం మామూలే కాబట్టి కొనేటప్పుడు ఎవరికీ అనుమానం రాదు. పైన పటారం, లోన లొటారం.

ఇందులో షో రింగ్ పాత్ర ఏమిటంటే, గుండ్రంగా నిగనిగలాడే పోనీకే బహుమతులు వస్తాయని ఇక్కడ ఏళ్ళ తరబడి ఫిర్యాదు ఉంది. పశువైద్యులే మొత్తుకుంటున్నారు. చలిగాలుల షెట్లాండ్ దీవుల్లో, బీడు నేలల మీద గడ్డీ సముద్రపు నాచూ తిని బతికిన జాతి. దొరికిన ప్రతి పరకనీ ఒంటికి పట్టించుకుంటుంది. అలాంటిదాన్ని ఇంగ్లండ్ పచ్చిక మీద వదిలి, పైగా దాణా పెట్టి "షో కండిషన్"కి తెస్తే అది కొవ్వే. మెడ పైభాగం గట్టిగా, పక్కకి వాలేంత లావుగా ఉంటే దాన్ని అందం అనుకోకండి. చలికాలంలో రెండు పొరల బొచ్చు ఉంటుంది, కంటికి ఏమీ తెలియదు. చెయ్యి పెట్టి పక్కటెముకలు తడిమి చూడండి. తగలకపోతే లావే. అలాగని కొన్నాక ఒక్కసారిగా తిండి మాన్పించకండి. రక్తంలోకి కొవ్వు చేరి ప్రాణం మీదికొస్తుంది, షెట్లాండ్‌లకి ఆ ప్రమాదం మరీ ఎక్కువ.

ఇంకో చిక్కు స్వీట్ ఇచ్. చిన్న దోమల్లాంటి పురుగులు కుట్టడం వల్ల వచ్చే దురద అలర్జీ. ఎండాకాలంలో జూలు, తోక మొదలు రక్తం వచ్చేలా రుద్దుకుంటాయి. చలికాలంలో జాడే ఉండదు. లామినైటిస్, స్వీట్ ఇచ్ ఉన్న పోనీని వదిలించుకోవాలంటే డిసెంబరు నుంచి మార్చి లోపు అమ్మేయడమే తేలిక. ఆ నెలల్లో కొంటుంటే "ఈ రెండూ ఎప్పుడూ రాలేదు" అని మెసేజ్‌లో రాయించుకోండి. నోటి మాట కోర్టులో నిలబడటం కష్టం.

వెట్టింగ్, అంటే కొనేముందు పశువుల డాక్టర్ చేత చేయించే పరీక్ష సంగతికొస్తే, అమ్మేవాళ్ళు చూపించే పాత కాగితం వద్దు. వాళ్ళ డాక్టర్ కూడా వద్దు. మీరే వేరే డాక్టర్‌ని పిలిపించుకోండి. ఐదు దశల పరీక్షలో రక్తం తీసి ఆరు నెలలు దాచిపెడతారు. ఇంటికొచ్చాక పోనీ స్వభావం మారిపోతే, మత్తు ఇచ్చి అమ్మారేమో తేల్చుకోవచ్చు. మేం చేయించిన రెండు దశల పరీక్షలో ఆ రోజు కుంటు లేదు కాబట్టి పాస్ అయింది. ముందుకాళ్ళ ఎక్స్‌రే విడిగా అడిగితేనే తీస్తారు. డబ్బు ఎక్కువైనా షెట్లాండ్‌కి అది తీయించండి.

పోనీకి దాని గుర్తింపు పుస్తకమైన పాస్‌పోర్ట్, మైక్రోచిప్ తప్పనిసరి. అమ్మిన రోజే పాస్‌పోర్ట్ చేతికి ఇవ్వాలి. "పోస్టులో పంపిస్తా" అంటే డబ్బు కట్టకండి. పాస్‌పోర్ట్ ఉన్నంత మాత్రాన యజమాని అని రుజువు కాదు, రసీదు విడిగా తీసుకోవాలి. మాకు అమ్మినావిడ సొంత పోనీ అన్నట్టే మాట్లాడింది. కానీ అదే ఫోన్ నంబరుతో వేరే పోనీల ప్రకటనలు కనిపించాయి. ఇది చాలా ముఖ్యం. వ్యాపారం చేసేవాళ్ళైతే 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ వర్తిస్తుంది, లోపం ఉంటే 30 రోజుల్లోపు తిప్పి పంపే హక్కు ఉంటుంది. సొంత పోనీ అమ్ముకునే మామూలు మనిషైతే ఆ హక్కు ఉండదు, అబద్ధం చెప్పి అమ్మారని మనమే నిరూపించాలి. అందుకే కొందరు డీలర్లు "మా పాప పెద్దదైపోయింది, ఇష్టం లేకపోయినా అమ్ముతున్నాం" అని రాస్తారు. మాకు చెప్పిన కథా అదే. ప్రకటనల స్క్రీన్‌షాట్లు, ఎక్స్‌రేలు, ఫారియర్ రాసిచ్చిన కాగితం పెట్టుకుని, చిన్న మొత్తాల దావాలు వినే కోర్టు స్మాల్ క్లెయిమ్స్‌లో వేస్తున్నాం. ఇంగ్లండ్‌లో 10,000 పౌండ్ల దాకా లాయర్ లేకుండానే వేయొచ్చు.

పోనీ మా దగ్గరే ఉంది. నానబెట్టిన ఎండుగడ్డి పెడుతున్నాం, స్వారీ లేదు. ఈ వారాంతం ఎవరైనా పోనీ చూడటానికి బయల్దేరుతుంటే, పాస్‌పోర్ట్ మొదటి పేజీల ఫొటో, పాలిష్ లేని నాలుగు గిట్టల ఫొటోలు ముందే పంపమనండి. పంపనంటే పెట్రోలు దండగ చేసుకోకండి.