వేటపాలెంలో ఒక పూట

మా తాతయ్య రామనగరు పాకల్లో పుట్టాడని ఇంట్లో ఒక కథ ఉంది. 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టం పొమ్మని చీరాల-పేరాల జనం ఇళ్ళు వదిలేసి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరి బయట పాకలు వేసుకున్న రోజులవి. ఆ రోజుల పేపర్లు చూద్దామని మొన్న చీరాల పక్కనే ఉన్న వేటపాలెంలో సారస్వత నికేతనం అనే పాత లైబ్రరీకి వెళ్ళాను.

దిగడం చీరాలలోనే మేలు. ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కువగా అక్కడే ఆగుతాయి. స్టేషనుకు దగ్గరని ఒక లాడ్జిలో దిగాను. ఏసీ గదికి డబ్బు తీసుకుని, రాత్రి పదకొండింటికి "లో వోల్టేజీ సార్, ఫ్యాను వేసుకోండి" అన్నారు. రామాపురం బీచ్ దగ్గర రిసార్టులు ఉన్నాయి గానీ, అవి సముద్రం కోసం వచ్చేవాళ్ళకి. లైబ్రరీ పనిమీద వచ్చినవాళ్ళకు చీరాలే నయం, ఏసీ మీద ఆశ లేకపోతే.

పొద్దున్నే టిఫిను చేసి షేరాటో ఎక్కాను. జాండ్రపేట మీదుగా వెళ్తుంటే ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు వినబడుతూనే ఉంది.

ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి 1918లో మొదలుపెట్టిన లైబ్రరీ ఇది. భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇక్కడే భద్రంగా ఉంది. చాలామంది దాన్ని చూసి, ఫొటో దిగి వెళ్ళిపోతారు. అసలు సంపద మాత్రం బీరువాల్లో ఉంది. డెబ్భై వేలకు పైగా పుస్తకాలు, ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక లాంటి వాటి పాత సంపుటాలు.

మా ఊళ్ళో ఉన్నది ప్రభుత్వ శాఖా గ్రంథాలయం. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు, శుక్రవారం సెలవు. డీఎస్సీకి చదివే పిల్లలకు కుర్చీ, ముసలాళ్ళకు పేపరు, ఆ రెండూ బాగానే జరుగుతాయి. వందేళ్ళనాటి పేపరు అడిగితే మాత్రం నవ్వుతారు. (పన్ను కట్టం పొమ్మన్నవాళ్ళ వారసుణ్ణి నేను, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కిమ్మనకుండా కడుతున్నాను.) సారస్వత నికేతనం అలా పన్నుతో పుట్టింది కాదు, ఊరివాళ్ళు పూనుకుని నిలబెట్టుకున్నది.

"ఏ నెల కావాలండీ?" అని అడిగారు. నా దగ్గర సంవత్సరమే ఉంది. నాన్నకు ఫోన్ చేస్తే, "ఎండలకు పాకలు అంటుకుంటాయేమోనని భయపడేవాళ్ళంట, మా నాయనమ్మ చెప్పేది" అన్నారు. అంటే ఎండాకాలం. సంపుటం బల్లమీదికి వచ్చింది. గోధుమరంగుకు తిరిగిన కాగితం, అంచు పట్టుకుంటే పొడి రాలుతుంది. రెండు చేతులతో, కింద అరచెయ్యి ఆనించి తిప్పాలి. గంటకు ఎన్ని పేజీలు తిప్పానో చెప్పుకుంటే సిగ్గుచేటు. చీరాల అన్న మాట కనబడ్డ ప్రతిచోటా తేదీ రాసుకోవడం, మధ్యలో తలనొప్పి మందు ప్రకటనల దగ్గర ఆగిపోవడం, ఇదే పని.

వెళ్ళేవాళ్ళకు ఒక మాట. ప్రెస్ అకాడమీ వాళ్ళు పాత పత్రికలు చాలా నెట్‌లో పెట్టారు. ఇంట్లో కూర్చుని ముందు అందులో వెతికి, తేదీలు పట్టుకుని, అక్కడ లేనివాటి కోసం ఇక్కడికి రండి. నేను ఆ పని తలకిందులుగా చేశాను. లైబ్రరీ తెరిచే వేళలు కూడా ముందే కనుక్కుని బయల్దేరండి. ఒక పూట దేనికీ చాలదు, రెండు రోజులు పెట్టుకోండి.

సాయంత్రం బజార్లో జీడిపప్పు కొన్నాను. వేటపాలెం వచ్చి కొనకుండా వెళ్తే ఇంట్లో ఊరుకోరు. గుండుపప్పు ధర విని, పాయసంలోకి బద్దే చాలనుకున్నాను.

రైలెక్కాక నాన్న ఫోన్ చేశారు.

"దొరికిందా, మా నాన్న పుట్టిన తేదీ?"

"పదకొండు తేదీలు రాసుకొచ్చాను నాన్నా, మీరే ఒకటి ఎంచుకోండి" అన్నాను.