పార్టింగ్‌కి హెచ్‌ఎస్‌ఎస్ బ్లేడా, కార్బైడ్ ఇన్సర్టా?

పార్టింగ్ అంటే లేత్ మీద తిరిగే రాడ్డుని సన్నని టూల్‌తో కోసి ముక్కగా వేరుచేయడం. పాత బెల్ట్ లేత్ ఉన్న చిన్న వర్క్‌షాప్‌కి నా ఓటు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బ్లేడుకే. మొద్దుబారితే గ్రైండర్ మీద సానపట్టుకుంటే చాలు, మళ్లీ కోస్తుంది. స్పీడ్ మాత్రం తక్కువే. 25 మి.మీ. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) రాడ్డుకి 250 ఆర్‌పీఎం దాటించకండి, కూలెంట్ ఆగకూడదు.

కార్బైడ్ ఇన్సర్ట్ (హోల్డర్‌లో బిగించి, అరిగితే మార్చుకునే గట్టి కోత ముక్క) అదే రాడ్డుని 1000 ఆర్‌పీఎం దగ్గర కోసేస్తుంది. దాని అసలు బలం చిప్ (కోతలో వచ్చే లోహపు తునక) దగ్గరుంది. ఇన్సర్ట్ మీది గాడి చిప్‌ని మధ్యకి మడుస్తుంది, ఆ చిప్ రాడ్డులో కోసిన గాడి కంటే సన్నగా చుట్టుకుని బయటికొస్తుంది. సాదా బ్లేడుతో చిప్ గాడి అంత వెడల్పే ఉండి గోడల మధ్య ఇరుక్కుంటుంది, టూల్ విరిగేది ఎక్కువగా అప్పుడే. కానీ స్పిండిల్ బేరింగులు వదులైతే కార్బైడ్ అంచు పెళుసుగా చిట్లిపోతుంది. ఇన్సర్ట్ ఖర్చు సరేసరి.

ఏది వాడినా టూల్ సరిగ్గా సెంటర్ (రాడ్డు మధ్యబిందువు) ఎత్తులో, జాబ్‌కి (కోసే రాడ్డుకి) లంబంగా ఉండాలి. కోత చక్‌కి (జాబ్‌ని పట్టి ఉంచే భాగానికి) దగ్గరగా పెట్టి, బ్లేడుని అవసరమైనంతే బయటికి తీయండి. కీచుమంటే భయపడి ఫీడ్ (టూల్‌ని లోపలికి నెట్టడం) ఆపేయొద్దు, స్పీడ్ తగ్గించండి. రోజూ వందల ముక్కలు కోసే గట్టి మెషిన్ అయితే కార్బైడే కొనండి.