మోజెల్ లోయ కోటలు: ఒక్కరోజే ఉంటే ఎల్ట్స్‌కే వెళ్ళండి

ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళు, ఊరి నుంచి పెద్దవాళ్ళు వస్తే ముందు హైడల్‌బర్గ్ చూపిస్తారు, తర్వాత రైన్ నది మీద పడవ ఎక్కిస్తారు. రెండూ బాగుంటాయి. కానీ చేతిలో ఒక్కరోజే ఉంటే నేను మాత్రం జర్మనీలోనే ఉన్న మోజెల్ నది లోయకే తీసుకెళ్తాను, అందులోనూ ఎల్ట్స్ కోటకి. మా అత్తమ్మ, మామయ్య మేడ్చల్ నుంచి వచ్చినప్పుడు అదే చేశాం. మామయ్య ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఏ కట్టడం దగ్గరికి వెళ్ళినా ముందు గోడ మీద చెయ్యేసి చూస్తారు. అలాంటి మనిషికి ఈ లోయ పండగే.

వెళ్ళడం తేలిక. డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా చెల్లే నెలవారీ పాస్) ఉంటే కోబ్లెంజ్ మీదుగా మోజెల్‌కెర్న్ స్టేషన్ దాకా పైసా అదనంగా పెట్టక్కర్లేదు, ఐసీఈ లాంటి దూరప్రయాణపు వేగ రైళ్ళు మాత్రం ఎక్కకూడదు. మోజెల్‌కెర్న్ చిన్న స్టేషన్, అన్ని రైళ్ళూ ఆగవు, కోబ్లెంజ్‌లో ప్యాసింజర్ రైలుకి మారాలి. అక్కడి నుంచి కోట సుమారు ఐదు కిలోమీటర్లు, అడవిలో ఎల్ట్స్ వాగు పక్కనే కాలిబాట. చాలాదూరం చదునుగానే ఉంటుంది, చివర్లో మాత్రం ఎక్కుడు. అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు. అందుకని ఆమెతో మా ఆయన బస్సులో వెళ్ళారు, నేనూ మామయ్యా నడిచాం. సీజన్‌లో శని, ఆదివారాలు కోట వైపు బస్సు ఉంటుంది. కారులో వెళ్తే పార్కింగ్ నుంచి పావుగంట దిగుడు బాట, నడవలేనివాళ్ళకి చిన్న వ్యాను. కాళ్ళు బాగున్నవాళ్ళెవరూ దయచేసి ఆ వ్యాను ఎక్కకండి. అడవిలో గంటన్నర నడిచినా కోట జాడే ఉండదు. వాగు చప్పుడు, తడి ఆకుల వాసన, అంతే. ఒక మలుపు తిరిగేసరికి తల పైకెత్తితే కోట మొత్తం ఒక్కసారిగా కనిపిస్తుంది. మూడు వైపులా వాగు, మధ్యలో డెబ్భై మీటర్ల బండ, దాని మీద ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ బురుజుల్లాంటి ఇళ్ళు. మామయ్య అక్కడే ఆగిపోయారు. చాలాసేపు మాట్లాడలేదు.

ఎల్ట్స్ పేరు 1157 నాటి పత్రంలోనే కనిపిస్తుంది. అప్పటి నుంచి ఈ కోట అదే వంశం చేతిలో ఉంది. పదమూడో శతాబ్దంలో ముగ్గురు అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నారు. కోటని మాత్రం విడగొట్టలేదు, ఒకే ప్రహరీలో ఎవరి ఇల్లు వాళ్ళు కట్టుకుంటూ పోయారు. కెంపెనిఖ్, రూబెనాఖ్, రోడెన్‌డార్ఫ్ అని మూడు శాఖల ఇళ్ళు, మధ్యలో ఇరుకు వాకిలి. అన్ని దిక్కుల నుంచీ చూస్తే వేర్వేరు కోటల్లా కనిపించడానికి కారణం అదే. గైడు ఆ సంగతి చెప్తుంటే మామయ్య నా వైపు తిరిగి "పాలు పంచుకున్నా వాకిలి ఒక్కటే ఉంచుకున్నరు చూడు బిడ్డా" అన్నారు. వాళ్ళ ఊళ్ళో పాత ఇల్లు ఎలా మూడు ముక్కలయిందో నాకు తెలుసు కాబట్టి ఆ మాట నాకు గట్టిగా తగిలింది.

ఇంకో సంగతి, ఈ కోట యుద్ధంలో కూలలేదు. 1331లో ట్రియర్ ఆర్చ్‌బిషప్ బాల్డుయిన్ దీన్ని లొంగదీసుకోవాలని ఎదురు గుట్ట మీద ఇంకో చిన్న కోట కట్టించి రాళ్ళు విసిరించాడు. ఎల్ట్స్ వాళ్ళు చివరికి ఆయన పైచేయి ఒప్పుకున్నారు, ఇల్లు మిగిలింది. ఆ ఎదురు కోట శిథిలాలు ఇప్పటికీ చెట్ల మధ్య ఉన్నాయి. 1689 ప్రాంతంలో ఫ్రెంచి సైన్యాలు ఈ లోయలో చాలా కోటల్ని నేలమట్టం చేశాయి. అప్పుడు ఆ వంశంలో ఒకాయన ఫ్రెంచి సైన్యంలో అధికారిగా ఉండటం వల్ల ఎల్ట్స్ జోలికి రాలేదట. యూరోకి ముందు జర్మనీలో చెల్లిన పాత 500 మార్కుల నోటు వెనక ఉన్న బొమ్మ ఈ కోటదే.

లోపల గైడుతోనే తిరగాలి, జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ టూర్లు ఉంటాయి. మేం వెళ్ళినప్పుడు టికెట్ పద్నాలుగు యూరోలు, నగలూ ఆయుధాలూ ఉన్న ఖజానా కూడా అందులోనే. లోపల ఫోటోలు తియ్యనివ్వరు. నాకైతే అది నచ్చింది, అందరూ కళ్ళతోనే చూస్తారు. కింది హాల్లో జర్మన్ చిత్రకారుడు లూకాస్ క్రానాఖ్ వేసిన మేరీమాత చిత్రం ఉంది. పసివాడి దగ్గర ద్రాక్షగుత్తి. చుట్టూ ద్రాక్షతోటలున్న సీమలో ఆ చిత్రం ముందు నిలబడటం వేరే అనుభవం. నన్ను ఇంకా ఎక్కువసేపు ఆపింది మాత్రం పైన పడకగది. గోడల నిండా పాకిన తీగలూ పువ్వులూ, పదిహేనో శతాబ్దపు రంగులు. పక్కనే గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన చిన్న ప్రార్థన అర. దాన్ని అలా బయటికి ఎందుకు కట్టారంటే, దేవుడి చోటు పైన మనుషులు కాపురం ఉండే గది రాకూడదని ఆ కాలపు కట్టుబాటు. అత్తమ్మకి తెలుగులో చెప్పగానే ఆమె ముఖం విప్పారింది. మేడ్చల్ ఇల్లు కట్టేటప్పుడు దేవుడి గది మీద పడకగది రాకూడదని ప్లాను మార్పించింది ఆమే. రాజుల దర్పం ముందు మొహమాటంగా నడుస్తున్న మనిషి, అక్కడి నుంచి సొంత చుట్టాలింట్లో తిరిగినట్టు తిరిగింది. వంటగదిలో పొయ్యి, మాంసం నిలవచేసే అర, పిండి డబ్బా అన్నీ ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంది.

సభ జరిగే హాల్లో గోడ మీద విదూషకుల ముఖాలు చెక్కి ఉన్నాయి. ఇక్కడ ఎవరైనా ఏదైనా మాట్లాడొచ్చని వాటి అర్థం. గుమ్మం పైన ఒక గులాబీ. లోపల అన్నమాట బయటికి పోకూడదని దానర్థం. ఉమ్మడి కుటుంబం అన్నేళ్ళు ఎలా నెగ్గుకొచ్చిందో ఆ రెండు చెక్కడాలూ చూస్తే తెలుస్తుంది.

మెట్లు చాలా ఉంటాయి, వీల్‌చెయిర్‌తో కుదరదు. తిండి దగ్గర శాకాహారులకి ఎక్కువ ఆశ వద్దు, బంగాళాదుంపలూ సాసేజిలే ప్రధానం. మేం పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్ళాం. వాగు ఒడ్డున బల్ల మీద తిన్నాం. నవంబరు మొదట్లో మూసేస్తారు, మళ్ళీ ఏప్రిల్ వచ్చేదాకా తెరవరు.

సాయంత్రం అదే రైలు మార్గంలో కోహెమ్. ఊరి పైన గుట్ట మీద కోట, గుట్ట చుట్టూ ద్రాక్షతోట. పోస్టుకార్డుల మీద చూసేది ఇదే. అసలు కోటని 1689లో ఫ్రెంచివాళ్ళు పేల్చేశారు. 1868లో రావెనె అనే బెర్లిన్ వ్యాపారి ఆ శిథిలాలు కొని, పాతకాలం కోటలు ఇలా ఉంటాయని తాను ఊహించుకున్నట్టు కట్టించుకున్నాడు. లోపల చెక్కపని బాగుంది. బురుజు మీద సెయింట్ క్రిస్టోఫర్ మొజాయిక్ దూరం నుంచే కనపడుతుంది. కానీ పొద్దున ఎల్ట్స్ చూసి వచ్చిన కళ్ళకి ఇది ఆనదు. రెండూ చూసేట్టయితే కోహెమ్ ముందు చూడండి. లోపలికి వెళ్ళేది ఒక్క కోటకే అయితే అది ఎల్ట్సే కానివ్వండి, కోహెమ్‌లో లోపలికి వెళ్ళకుండా గుట్ట ఎక్కి నదిని చూసి దిగినా చాలు.

కోహెమ్‌లో మామయ్యకి కోటకన్నా తోటే నచ్చింది. మోజెల్ ద్రాక్షలో రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష రకానిదే పెద్ద వాటా. బ్రెమ్ ఊరి దగ్గర కాల్మాంట్ అనే వాలు 65 డిగ్రీల దాకా ఉంటుంది. అలాంటిచోట్ల ట్రాక్టరు నడవదు, ఒంటి పట్టా మీద పాకే చిన్న బండిలో మనుషులూ గంపలూ పైకి పోతారు, పని అంతా చేత్తోనే. మా వైపు అనాబెషాహీ ద్రాక్ష పందిళ్ళ మీద పాకేది. ఇక్కడ ఒక్కో చెట్టుకి ఒక్కో కర్ర, కొమ్మలు కిందికి వంచి కట్టేస్తారు. నేలంతా నల్ల పలకరాయి ముక్కలు. పగటి వేడిని ఆ రాయి పట్టి ఉంచుకుని రాత్రి వదులుతుంది, ఇంత ఉత్తరాన ద్రాక్ష పండటానికి అదొక ఆధారం. మడికీ మడికీ మధ్య కట్టిన రాతిగోడ మీద మామయ్య చెయ్యి పెట్టారు. "సున్నం లేదు, సిమెంటు లేదు. నీళ్ళు పోనీకి సందులుంచిండ్రు, అందుకే నిలబడ్డది. మన ఘాట్ రోడ్లకు ఇట్ల కట్టుంటే వానకు కూలకపోవు." ఆ గోడ ముందు ఫోటో దిగుతానన్నారు, కోట ముందు అడగలేదు.

వైను తాగనివాళ్ళు ఇక్కడ ఏం చేస్తారని అడగొద్దు. రైతుల ఇళ్ళ దగ్గరే ద్రాక్షరసం సీసాలు అమ్ముతారు, అత్తమ్మ రెండు గ్లాసులు తాగింది. ఎర్రటి కండ ఉండే పీచ్ పండు ఒకటి ఈ తోటల గట్ల మీద కాస్తుంది, దాని జామ్ తప్పకుండా కొనండి. కూర్చుని తినడానికైనా, కొనుక్కోవడానికైనా రైతుల ఇళ్ళ దగ్గరే బాగుంది. నది ఒడ్డున మేం కూర్చున్న ఒక హోటల్లో బిల్లు తెచ్చాక కార్డు పనికిరాదన్నారు, మా ఆయన ఏటీఎం వెతుక్కుంటూ వెళ్ళాల్సి వచ్చింది. జేబులో నోట్లు పెట్టుకుని బయల్దేరండి. చీకటి పడ్డాక కోబ్లెంజ్‌లో రైలు మారేటప్పుడు ఎక్కువసేపు ఆగాల్సి వస్తుంది. పెద్దవాళ్ళు వెంట ఉంటే కోహెమ్‌లో ఆరింటికల్లా రైలెక్కండి.