జూమ్ లేని లెన్స్‌తో ఆరేళ్ళు

2019 దసరా ఆఫర్లలో కొన్నాను దీన్ని. 35 ఎంఎం, ఎఫ్ 1.8, జూమ్ లేదు, బరువు 200 గ్రాములు, పదమూడు వేల చిల్లర పడింది. ఎంఎం అంకె పెరిగితే దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది, ఎఫ్ అంకె తగ్గితే లెన్స్ పెద్దగా తెరుచుకుంటుంది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే లెన్స్ సంగతి పక్కకు పోయి ఏ కంపెనీ గొప్ప అనే పంచాయితీ మొదలవుతుంది, పైగా ఈ సైజులో ఈ ధరలో దొరికే లెన్సులు ఏ కంపెనీవైనా ఇంచుమించు ఒకే దారిలో నడుస్తాయి. నా కెమెరా 24 మెగాపిక్సెళ్ళ మామూలు డీఎస్‌ఎల్‌ఆర్, క్రాప్ సెన్సర్‌ది, అంటే లోపల వెలుగు పట్టే పలక కాస్త చిన్నది. నేనుండేది నెల్లూరు, చేసేది అకౌంట్స్ ఉద్యోగం. పెళ్ళిళ్ళూ ఫంక్షన్లూ తీయను, ఎవరైనా అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను. ఇల్లు, వీధి, బజారు, ఆదివారం బండేసుకుని పోయే ఊళ్ళు, ఏడాదికొక ప్రయాణం, నా ఫోటోలన్నీ ఇవే.

అసలు దీన్ని కొనిపించింది మా అమ్మ పెట్టే చేపల పులుసు. మా వంటింటికి ఉన్నది ఒక్కటే కిటికీ, అది కూడా పడమటి వైపు. ఆదివారం పొద్దున్నే అమ్మ పులుసు పెడుతుంటే కెమెరాతో పాటు వచ్చిన 18-55 లెన్స్‌తో తీసేవాణ్ణి, ఫోటో మీద ఎవరో రవ్వ చల్లినట్టు ఉండేది. ఆ లెన్స్ 35 దగ్గర ఎఫ్ 4.5 కంటే పెద్దగా తెరుచుకోదు, అంటే ఐఎస్ఓ 6400 పెట్టాల్సిందే. ఐఎస్ఓ అంటే వెలుగు చాలనప్పుడు కెమెరాలో పెంచుకునే అంకె, అది పెరిగేకొద్దీ ఆ రవ్వ పెరుగుతుంది. ఇదేమో 1.8 దాకా తెరుచుకుంటుంది, లోపలికి వచ్చే వెలుగు దాదాపు ఆరు రెట్లు. అదే వంటిల్లు, అదే టైము, ఐఎస్ఓ 1000తో పనైపోతుంది.

మామిడికాయ ముక్కలు పడ్డాక అమ్మ ఇక గరిటె ముట్టదు, చేప ముక్కలు చితికిపోతాయని. పాత గుడ్డతో మట్టి చట్టిని రెండు వైపులా పట్టుకుని మెల్లగా ఒక చుట్టు తిప్పి పెడుతుంది, పులుసు అంచు దాకా వచ్చి మళ్ళీ లోపలికి పోతుంది, ఆ ఒక్క క్షణం ఆమె కింది పెదవి లోపలికి పట్టుకుంటుంది. ఇది నేను ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో తిరుగుతూ ఎప్పుడూ చూడలేదు, ఫోటోలో చూశాను. "నా మొహమేందిరా తీసేది, తీస్తే చట్టి తీయి" అంటుంది ప్రతిసారీ. చట్టి కూడా తీశాననుకోండి.

కాకపోతే ఎఫ్ 1.8 అంటే సరదా కాదు. మీటరు దూరంలో ఉన్న మనిషిని తీస్తే స్పష్టంగా వచ్చే మందం సుమారు ఆరు సెంటీమీటర్లు, అర మీటరుకు పోతే సెంటీమీటరున్నర. మొదటి ఏడాది నా ఫోటోలు చూస్తే అందరికీ ఒక కన్నే ఉంటుంది, రెండోది మంచులోకి పోయి ఉంటుంది. కొత్తగా కొన్నవాళ్ళందరికీ పట్టే పిచ్చే ఇది, వెనకాల మొత్తం అలుక్కుపోతే గొప్ప ఫోటో అనుకోవడం. ఇప్పుడు మనుషులకి 2.8, బజారుకి 4 లేదా 5.6 పెట్టుకుంటున్నాను, 1.8ని వంటింటికీ రాత్రిళ్ళకీ దాచుకుంటున్నాను.

జూమ్ లేకపోవడం గురించి అందరూ అడుగుతారు. నిజం చెప్పాలంటే మొదటి మూడు నెలలు డబ్బులు దండగ చేశానేమో అనుకున్నాను. క్రాప్ సెన్సర్ మీద ఈ 35 అనేది ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్ లెక్కలో 52 అవుతుంది, అంటే విశాలమూ కాదు, దూరంగా ఉన్నదాన్ని లాక్కొచ్చేదీ కాదు. దగ్గరికి కావాలంటే నువ్వే నడవాలి. మైపాడు బీచ్‌లో వలలు విప్పే చోట ఇంతకు ముందు ఇసుక మీద దూరంగా నిలబడి 55కి లాగి తీసి, వాళ్ళు తల ఎత్తే లోపు కెమెరా దించేసేవాణ్ణి, దొంగతనం చేసినట్టు. దీంతో ఆ వేషాలు కుదరవు. రెండడుగుల దూరంలో కూర్చోవాలి, కూర్చుంటే మాట్లాడాలి. వలలో చిక్కుకున్న పీతని విడదీస్తున్న ఒక పెద్దామె "మమ్మల్ని తీసి ఏం జేసుకుంటావబ్బయా" అంది, నా దగ్గర జవాబు లేదు. తర్వాతి నెల ఆమె ఫోటో ప్రింటు తీసుకెళ్ళి ఇచ్చాను. చూసి, ముందు అడిగింది తన ముక్కుపుడక గురించి, తెల్లగా మెరిసిపోయి అది రాయిలా లేదట. నిజమే, ఎండలో వెలుగు లెక్క తప్పింది నాదే. మళ్ళీ తీశాను.

రొట్టెల పండగలో దీని విలువ ఇంకా బాగా తెలిసింది. బయటి ఊళ్ళ వాళ్ళకి తెలియకపోతే చెబుతున్నా, మొహర్రం నెలలో మా ఊళ్ళో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో జనం నీళ్ళలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక ఉన్నవాళ్ళు ఆ కోరిక రొట్టె పట్టుకుంటారు, అది తీరినవాళ్ళు తర్వాత వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తారు. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఇల్లు రొట్టె, సంతలో అరిచినట్టు అడుగుతూనే ఉంటారు. ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, కెమెరా పట్టీ చేతికి రెండు చుట్లు చుట్టుకుని నీళ్ళలోకి దిగాను. గట్టు మీద నుంచి పెద్ద జూములతో తీసేవాళ్ళకి తలలూ ముసుగులూ వస్తాయి. ఇక్కడ మీటరు దూరంలో రెండు జతల చేతులు, మధ్యలో నలిగిన రొట్టె, కింద ఊగే నీళ్ళు, ఫ్రేము దానంతటదే నిండిపోతుంది. చీకటి పడ్డాక లైట్ల కింద కూడా 1/125 స్పీడు (సెకనులో 125వ వంతు) వదలకుండా తీయగలిగాను. అంతకు తగ్గితే ఫోటోలో చేతులు అలుక్కుపోతాయి. దీంట్లో స్టెబిలైజేషన్, అంటే కెమెరా వణుకుని సర్దే ఏర్పాటు లేదు, ఉన్నా కదిలే మనుషుల్ని అదేమీ ఆపదు. తీసే ముందు ప్రతి ఒక్కరినీ కళ్ళతోనైనా అడిగాను, తల అడ్డంగా ఊపినవాళ్ళని వదిలేశాను.

ఒంగోలులో మా చిన్నాన్న వాళ్ళింటి వంటగట్టుకి చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పరిచారు. నల్లటి రాయిలో బంగారు చుక్కలు, బ్రోంజైట్ అనే ఖనిజం వల్ల వస్తాయి. 30 సెంటీమీటర్ల దాకా దగ్గరికి పోనిస్తుంది ఈ లెన్స్, ఒక మధ్యాహ్నమంతా ఆ గట్టుతోనే గడిపాను. తల కాస్త పక్కకు జరిపితే ఇప్పటిదాకా మెరిసిన చుక్క ఆరిపోయి పక్కది వెలుగుతుంది, ఫ్లాష్ కొట్టామా మొత్తం చచ్చిపోయి మామూలు నల్లబండ అవుతుంది. మా పిన్ని కాఫీ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడి, జరిగితే పెసలు కడుక్కుంటానంది.

ఇక పనికిరాని చోట్లు. పక్షులు. ఇందులో వాదన లేదు. నేలపట్టు పక్షుల కేంద్రం మొన్నటిదాకా మా జిల్లాదే, 2022లో జిల్లాలు విడగొట్టాక తిరుపతి జిల్లాలోకి పోయింది, అయినా చలికాలం వస్తే నెల్లూరు జనం అటే పోతారు. నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుని పిల్లల నోట్లో చేపలు కుక్కుతుంటే చూడటానికి రెండు కళ్ళు చాలవు, నా ఫోటోలో మాత్రం అవి చెట్టు మీద ఆరేసిన రుమాళ్ళు. పులికాట్‌లో ఫ్లెమింగోల సంగతి చెప్పనే అక్కర్లేదు, నీళ్ళ చివర గులాబీ రంగు గీత ఒకటి. మా బావ పాత జూమ్ లెన్స్‌తో తీసినవి చూసి ఆ రోజంతా మూతి ముడుచుకున్నాను.

రెండోది, పెద్ద కట్టడాలు. రంగనాయకుల గుడి గాలిగోపురం వీధిలో నిలబడితే ఫ్రేములో పట్టదు, వెనక్కి పోదామంటే అంగళ్ళు. ఉదయగిరి కోటలోనూ ఇంతే, గోడ వస్తే కొండ రాదు, కొండ వస్తే గోడ రాదు. కెమెరా నిలువుగా పట్టుకుని ఎడమ నుంచి కుడికి ఆరేడు తీసి కంప్యూటర్లో అతికించుకుంటాను, అయితే మధ్యలో మేకల మంద నడిచిందంటే అతుకు దగ్గర రెండు తలల మేక తయారవుతుంది. కొండ దిగాక ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేసేవాళ్ళ దగ్గర మాత్రం ఇదే లెన్స్ రాజా. స్పూను తొలిచే చెయ్యి, ఒళ్ళో రాలిన పొట్టు, చాలు.

చిన్న చిన్న చిరాకులు ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం 1.8లో తీస్తే స్టీలు బిందె అంచుకీ తెల్లపంచె అంచుకీ ఊదా రంగు గీత వస్తుంది, 4 పెడితే పోతుంది. వీడియో తీస్తే ఫోకస్ మోటారు గరగర వినిపిస్తుంది. నేను వీడియో తీయను కాబట్టి నాకు పట్టింపు లేదు.

పెద్ద దెబ్బ వానాకాలంలో తగిలింది. మాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నకి వరద వచ్చినప్పుడు కరెంటు లేదు, ఇంట్లో గోడలు చెమ్మ, ఎవడికి గుర్తుంది కెమెరా? బీరువాలో బట్టల మధ్య సంచీలోనే ఉండిపోయింది నెలన్నర. సంక్రాంతికి తీసి టార్చి వేసి చూస్తే అద్దం అంచున సాలెపురుగు దారాల్లాంటి తెల్లటి పోగులు. ఫంగస్. చెన్నైలో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్తే పద్దెనిమిది వందలు తీసుకుని శుభ్రం చేసిచ్చాడు, ఇంటికొచ్చి చూస్తే పోగులు చాలావరకు పోయి వాటి బదులు లోపల ఒక దుమ్ము రేణువు వచ్చి కూర్చుంది. ఒక్క పోగు మాత్రం అలాగే ఉంది. ఫోటోలో రెండూ కనిపించవు, సూర్యుడికి ఎదురుగా తీస్తే తప్ప.

అప్పటి నుంచి మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, చిన్న తేమ మీటరు. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే పెనం మీద సన్నమంట పెట్టి వేడిచేస్తే మళ్ళీ నీలమవుతాయి. మీటరు 40, 50 శాతం మధ్య ఉండేట్టు చూసుకుంటాను. కొందరు బియ్యంలో పెట్టమంటారు, వద్దు, ఆ తవుడు దుమ్ము లోపలికి పోతుంది. మే నెలలో ఇంకో తంటా, ఏసీ గదిలోంచి కెమెరా తీసుకుని నేరుగా బయటికొస్తే అద్దం మీద ఆవిరి కమ్ముకుంటుంది. సంచీ మూసే ఉంచి ఒక అరగంట బయటి గాలికి అలవాటు పడనివ్వాలి. బీచ్ నుంచి వచ్చాక కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో బాడీ తుడవాలి, ఉప్పు పేరుకుపోతుంది, అద్దాన్ని మాత్రం ముందు బ్లోయర్‌తో ఊది ఇసుక రాలాకే ముట్టుకోవాలి.

ఫోన్ ఉండగా ఇదెందుకు అని మా ఆఫీసులో పిలకాయలు అడుగుతుంటారు. సగం రోజులు నేనూ ఫోనే వాడతాను, అబద్ధమెందుకు. ఎండలో, విశాలమైన చోట, ఫోను తక్కువేం కాదు. కానీ ఫోనులో మామూలు కెమెరా చాలా విశాలంగా చూస్తుంది, మొహం నిండా రావాలని దగ్గరికి పెడితే ముక్కు ముందుకొస్తుంది, పోర్ట్రెయిట్ మోడ్ పెడితే మా నాయన చెవి దగ్గరి వెంట్రుకల్ని కత్తిరించేస్తుంది. ఆరు వేల పిక్సెళ్ళ వెడల్పున్న ఫైలుని 12 బై 18 ప్రింటు వేయించి గోడకి పెట్టాక ఆ తేడా మా ఇంట్లో ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు.

ఇప్పుడు కొనేవాళ్ళకి సెకండ్ హ్యాండ్ చాలు అంటాను. రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి వంకరగా చూడండి, పోగులు కనిపిస్తే వదిలేయండి, దుమ్ము ఒకటి రెండు ఉంటే పట్టించుకోకండి. మీకు ఒక్క లెన్సే కొనే స్తోమత ఉండి, పక్షులో క్రికెట్టో తీయాలనుంటే దీని జోలికి రాకండి. ఇంట్లో మనుషుల్ని తీయాలంటే ఇదే కొనండి.

నా వరకు ఈ శీతాకాలం గూడబాతుల బాకీ ఒకటి ఉంది. బావ తన పాత జూమ్ అమ్మేస్తానంటున్నాడు, నాలుగు వేలట, టార్చి వేసి చూశాను, శుభ్రంగానే ఉంది. మూడున్నరకి తెగుతుందేమోనని అక్కతో చెప్పించాను.